గుర్రానికో మనిషి

సోమవారం పొద్దున డ్రాయింగమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికల్లా కార్ఖానాకు చేరడం, పదకొండు లోపల రంగులరాట్నం ఫైలు సర్దడం, మధ్యాహ్నం సెలవు చీటీ రాసిచ్చి అత్తగారిని కంటి ఆపరేషనుకు తీసుకెళ్లడం. అంతే. ఇందులో ఎవరూ గుండు గీయించుకోవలసిన అవసరం ఎక్కడా లేదు.

ఆ కార్ఖానాలో పార్కులకు కావలసిన ఆటవస్తువులు చేస్తారు. ఉయ్యాలలు, జారుడుబల్లలు, తూగుడుబల్లలు. పన్నెండు గుర్రాల రంగులరాట్నం మాత్రం అదే మొదటిసారి. ఆమె కంప్యూటర్లో బొమ్మ గీస్తేగాని అక్కడ ఒక్క మేకు కూడా కదలదు కనుక, వడ్రంగి మొదలుకొని యజమాని దాకా అందరూ ఆమెను డ్రాయింగమ్మ అనే పిలుస్తారు. పదకొండేళ్లుగా ఆమె కూర్చునేది ఒక కాలు పొట్టిదైన స్టూలు మీద. ఆ కాలి కింద పెట్టిన కాగితం మడత ఎన్నిసార్లు మార్చిందో ఆమెకే లెక్క లేదు. కిటికీ పక్కన గిర్రున తిరిగే కుర్చీ ఒకటి ఉంది. అది పెద్ద డ్రాయింగాయనది. పోయిన నెల ఆయన రిటైరయ్యాడు. కుర్చీ ఖాళీగా ఉంది.

అది ఎవరికన్నది యజమాని దాచుకోలేదు.

"చూడమ్మా, గురువారం పార్కుల అధికారిణిగారు వస్తున్నారు. ఆవిడ రాట్నం సామాన్ల జాబితా మీద సంతకం పెట్టారా, ఆ కుర్చీ నీది. పెట్టలేదా, మా బావమరిది కూర్చుంటాడు. ఇంట్లో కంచం ముందు నేను కూర్చున్నప్పుడల్లా మా ఆవిడ అదే అడుగుతోంది. నేను మాత్రం ఎన్నాళ్లని నీళ్లు తాగి లేవను?"

ఆ బావమరిది కార్ఖానాలో మనుషులను పనిలోకి తీసుకునే మేనేజరు. అసలు పేరు అందరూ మరిచిపోయారు. గేటు దగ్గర కాపలా మనిషి కూడా "నమస్తే బావమరిదిగారూ" అంటాడు. సంతకం సంగతి తేలకముందే ఆయన సోమవారం పొద్దున్నే ఇంటి నుంచి ఒక పువ్వుల దిండు తెచ్చి ఆ కుర్చీలో వేసి, రెండుసార్లు కూర్చుని లేచాడు.

"ఫైలు సర్దుతున్నావటగా చెల్లెమ్మా? సర్దడమంటే వంటింట్లో డబ్బాలు సర్దడం కాదు."

"డబ్బాలు సర్దడం కూడా అందరికీ రాదులెండి అన్నయ్యగారూ," అంది డ్రాయింగమ్మ.

ఆ మాట ఆమె ఊరికే అనలేదు. ఇంట్లో అత్తగారి చేతిలో ఏ వస్తువూ ఒంటరిగా ఉండదు. టీ డబ్బా అంటే అందులో టీ పొడి, చక్కెర, వడపోత జల్లెడ, చెంచా అన్నీ ఉంటాయి. కుట్టుపని డబ్బాలో సూదుల డబ్బా, సూదుల డబ్బాలో గుండీల డబ్బా. చీకట్లో చెయ్యి పెట్టినా కావలసింది దొరుకుతుంది, ఏ డబ్బాలో ఏ డబ్బా ఉందో గుర్తుంటే. పెద్ద డ్రాయింగాయన గీతలు చూస్తే కళ్లకద్దుకోవాలనిపిస్తుంది గాని ఈ సర్దుడు మాత్రం ఆయనకు పట్టలేదు. రాట్నంలోని వెయ్యీ నూట నలభై ఆరు భాగాలనూ గుమ్మం ముందు విడిచిన చెప్పుల్లా ఒకే వరుసలో వదిలేసి వెళ్లాడు.

సాఫ్ట్‌వేర్‌లో దీనికొక పద్ధతి ఉంది. కలిసి ఉండవలసిన భాగాలను ఒక కట్ట కట్టి దానికో పేరు పెట్టాలి. సబ్‌అసెంబ్లీ అంటారు. డ్రాయింగమ్మ కట్ట అనే అంటుంది. ఒక గుర్రం, దాని మీద జీను, కాళ్లు పెట్టుకునే రికాబులు, పట్టుకునే కడ్డీ, ఇదంతా ఒక గుర్రం కట్ట. ఒక్కసారి కడితే చాలు, దాన్నే పన్నెండుసార్లు పరిచేయవచ్చు. ఒక కట్టలో చిన్న మేకు మార్చినా పన్నెండింటిలోనూ అదే మారిపోతుంది. సుఖమంతా అక్కడే ఉంది. కష్టం కూడా అక్కడే ఉంది గాని, సోమవారం ఆ సంగతి ఎవరికీ తెలియదు.

పదిన్నరకల్లా గుర్రం కట్ట అయింది, పైకప్పు కట్ట అయింది, మోటారు కట్ట అయింది. ఇక మిగిలింది కేబిన్ కట్ట. రాట్నం నడిపే మనిషి నిలబడే చిన్న గది అది. నాలుగు గోడలు, ఒక స్టూలు, ఒక గంట, ఒక లివరు. వీటితోపాటు ఒక బొమ్మ మనిషి. నిలబడితే తల కప్పుకు తగులుతుందేమో చూడడానికి పెద్దాయన నిలబెట్టిన బొమ్మ అది. గుండు, బూడిద రంగు ఒళ్లు, రెండు చేతులూ పక్కలకు చాచి ఉంటాయి. పేరు "ఆపరేటరు". ఎత్తు నూట డెబ్బై రెండు సెంటీమీటర్లు. కేబిన్ ఎదురుగా ఉంటే వెనక గుర్రాలు కనిపించడం లేదని డ్రాయింగమ్మ దాన్ని తెర మీద కనబడకుండా దాచింది. కనబడకపోయినా అది ఫైల్లోనే ఉంటుంది, లెక్కలోకీ వస్తుంది.

అప్పుడే ఫోను మోగింది.

"అమ్మాయ్, నా కళ్లజోడు కనబడ్డంలేదే."

"మందుల డబ్బాలో చూడండత్తయ్యా."

"మందుల డబ్బా కనబడాలంటే కళ్లజోడు ఉండాలిగా."

"ఎర్రమూతది. తడిమి చూడండి. అందులో ఇంకో చిన్న డబ్బా ఉంటుంది, దాన్లో పెట్టారు."

"చిన్న డబ్బాలో నీ మొగుడి పాలపన్ను ఉంది."

ఫోను చెవికీ భుజానికీ మధ్య నొక్కిపట్టి, నవ్వు ఆపుకుంటూ, డ్రాయింగమ్మ కేబిన్ కట్టను మౌస్‌తో పట్టుకుని జాబితాలో కిందికి లాగింది. చివరికంటా తీసుకెళ్లి వదలాలి. ఒక్క వరుస ముందే వేలు జారింది. కేబిన్ కట్ట వెళ్లి గుర్రం కట్టలో పడింది. అత్తగారి డబ్బాలో డబ్బా పడ్డట్టు, చప్పుడు లేకుండా పడింది. ఒక గుర్రానికి కేబిన్ వచ్చిందంటే పన్నెండు గుర్రాలకూ వచ్చినట్టే.

తెర మీద రాట్నం ఎప్పటిలాగే ముచ్చటగా తిరుగుతోంది. దాచిన కేబిన్లు కనబడవు కదా. ఆమె మీట నొక్కింది. ఫైల్లోంచి తయారైన జాబితా నాలుగు చోట్లకు వెళ్లిపోయింది: సామాను గదికి, వడ్రంగి షెడ్డుకు, బావమరిది బల్ల మీదికి, అధికారిణి ఫైలుకు. ప్రతి వస్తువు పక్కనా ఒక చిన్న బొమ్మ, కొలత, సంఖ్య. చక్కటి జాబితా. పెద్దాయన ఏనాడూ అంత చక్కటి జాబితా ఇవ్వలేదు.

ఆ కార్ఖానా గోడ మీద యజమాని స్వయంగా రాయించిన బోర్డు ఒకటి ఉంది. "జాబితాలో ఉన్నది చేయండి. జాబితాలో లేనిది చేయకండి. జాబితా గురించి మాట్లాడకండి." ఒకప్పుడు జారుడుబల్లకు మెట్లు మరీ ఎక్కువయ్యాయని వడ్రంగి సొంత తెలివితో నాలుగు తగ్గించాడు. ఆ బల్ల పార్కులో నిలబెట్టాక పిల్లలంతా కింద నిలబడి పైకి చూస్తూ సాయంత్రం గడిపారు. బోర్డు ఆ మర్నాడు వచ్చింది.

డ్రాయింగమ్మ సెలవు చీటీ ఇచ్చి వెళ్లిపోయింది. మంగళవారం అత్తగారి కంటికి ఆపరేషన్ అయింది. బుధవారం అత్తగారు ఆసుపత్రి మంచం పక్కనున్న మందులన్నీ డబ్బాల్లోకి సర్దేసి నర్సు చేత చీవాట్లు తింది. గురువారం పదకొండింటికి డాక్టరు మళ్లీ చూస్తానన్నాడు కాబట్టి, దారిలో కార్ఖానాలో సంతకం పని చూసుకుని అటే వెళ్దామని కోడలు ఆవిడను వెంటబెట్టుకుని బయలుదేరింది. ఆవిడ కుడికన్నుకు తెల్లటి కట్టు, చేతిలో సంచి.

గేటు లోపల పెట్టిన అడుగును డ్రాయింగమ్మ వెనక్కి తీసుకుంది.

రాట్నం ఉంది గాని కనబడడంలేదు. దాని చుట్టూ నీలం రంగు చెక్క గదులు, ఒకదాన్ని ఒకటి ఆనుకుని, బస్సు కోసం తోసుకుంటున్న జనంలా నిలబడి ఉన్నాయి. రంగు ఇంకా ఆరలేదు. గదికో మనిషి, గది దక్కనివాళ్లు బయట. ప్రతివాడికీ గుండు, ప్రతివాడి ఒంటి మీదా బూడిద రంగు చొక్కా. అందరూ ఒకే ఎత్తు. గంటలు కొడుతున్నారు, లివర్లు లాగుతున్నారు. గదులు ఎన్ని ఉన్నా లివర్లన్నీ ఒకే తీగకు కలిపారు, ఎందుకంటే జాబితాలో తీగ ఒకటే ఉంది. ఒకడు లాగితే రాట్నం కదులుతోంది, పక్కవాడు లాగితే ఆగుతోంది, ఆ పక్కవాడు లాగితే మళ్లీ కదులుతోంది. గుర్రాలు ఎక్కిళ్లు వచ్చినట్టు ఎగిరెగిరి పడుతున్నాయి.

అత్తగారు కోడలి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అమ్మాయ్, ఆ డాక్టరు నా కన్ను పాడుచేశాడే."

"ఏమైందత్తయ్యా?"

"ఒక్క మనిషి పన్నెండు మందిలా కనబడుతున్నాడు. మూసిన కన్నుకే ఆపరేషన్ చేశాడా, తెరిచిన కన్నుకు కూడా చేశాడా?"

"మీ కన్ను బానే ఉంది. నాకూ అలాగే కనబడుతున్నారు."

"నీకూనా? నీకెప్పుడు చేశాడు?"

ఆమె జవాబు చెప్పేలోపు వడ్రంగి తప్పు చేసినవాడిలా దగ్గరికి వచ్చాడు.

"తొమ్మిదే అయ్యాయి డ్రాయింగమ్మా. మూడు రోజులుగా నిద్ర కూడా సరిగ్గా లేదు. మిగతా మూడూ సాయంత్రానికి ఇచ్చేస్తా. యజమానితో అనకు."

"ఇన్ని కేబిన్లు ఎవరు చెయ్యమన్నారు?"

వడ్రంగి ఓరకంట బోర్డు వైపు చూశాడు. "నన్ను మాట్లాడించకు తల్లీ. పోయినసారి మెట్ల గురించి మాట్లాడితే నెల రోజులు నాతో ఎవరూ మాట్లాడలేదు."

డ్రాయింగమ్మకు సోమవారం ఫోను, పాలపన్ను, వేలు జారడం వరుసగా కళ్ల ముందు తిరిగాయి. కొంప మునిగిందని అర్థమైంది. కేబిన్లు పన్నెండైతే కేబిన్లో ఉన్న స్టూలు పన్నెండు, గంట పన్నెండు, లివరు పన్నెండు. మరి బొమ్మ మనిషి?

"బొమ్మలో ఎలా ఉందో అచ్చం అలాగే పట్టుకొచ్చా చెల్లెమ్మా," అన్నాడొకడు వెనక నుంచి.

గొంతు తెలిసినదే. తల మాత్రం కొత్తది. బావమరిది గుండు ఎండకు తళతళా మెరుస్తోంది.

"జాబితాలో ఆపరేటర్లు పన్నెండు. ఎత్తు నూట డెబ్బై రెండు, గుండు, బూడిద రంగు, చేతులు చాచి నిలబడాలి. మూడు రోజులు టేపు పట్టుకుని వీధి వీధి తిరిగా. కొలుస్తానంటే కొందరు దర్జీననుకుని చొక్కాలు కుట్టమన్నారు. ముగ్గురికే బట్టతల. మిగతావాళ్లను మంగలి దగ్గర వరసగా కూర్చోబెట్టా. ఎంత వెతికినా పదకొండు మందే దొరికారు."

"మరి పన్నెండో ఆయన?"

ఆయన వెన్ను నిటారుగా చేశాడు. "నేనూ నూట డెబ్బై రెండే. కుర్చీ ఊరికే వస్తుందా? రేపు ఎవరూ బావమరిది తన వాటా పని చెయ్యలేదని అనకూడదు."

ఈలోగా గుండువాళ్లలో ఒకాయన కేబిన్ లోంచి దిగి వచ్చాడు.

"మీరేనటగా అమ్మా, మమ్మల్ని రాసింది. ఎనిమిది నెలలైంది నాకు పని లేక. మా ఆవిడ మీకు చెప్పి రమ్మంది." అంటూ గుండు తడుముకున్నాడు. "జుట్టుదేముంది, వస్తుంది."

ఆ మాటతో ఆమె ప్రాణం ఇంకా ఉసూరుమంది. ఇప్పుడు తప్పు దిద్దితే పదకొండు మంది మళ్లీ ఇంటి దారి పడతారు. దిద్దకపోతే అధికారిణి ఈ నీలం గదుల సంత చూసి సంతకం పెట్టదు, పదకొండేళ్ల స్టూలు పన్నెండో ఏట అడుగు పెడుతుంది. అత్తగారిని ఒక కేబిన్లో స్టూలు మీద కూర్చోబెట్టి, యజమాని గదిలోకి పరిగెత్తింది.

"సార్, జాబితాలో..."

యజమాని చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆగమ్మా. జాబితా గురించి మాట్లాడకూడదని రాయించింది నేను. నేనే వింటే రేపు నా మాట ఎవరు వింటారు?"

"అది కాదు సార్, కేబిన్లు..."

"చూశాను. నాకు ఒక్కటీ అర్థం కాలేదు. అర్థం కాలేదంటే నువ్వు చాలా దూరం ఆలోచించి ఉంటావు. అధికారిణిగారు ఇంకో పది నిమిషాల్లో ఇక్కడుంటారు, వెళ్లు."

ఆమె కంప్యూటరు ముందు కూలబడింది. స్టూలు కింద కాగితం మడత ఎటో పోయింది. అటూ ఇటూ ఊగుతూనే గుర్రం కట్ట తెరిచింది. లోపల గుర్రం, దాని కింద కేబిన్. కేబిన్‌ను పట్టుకుని బయటికి లాగేస్తే చాలు. లాగింది. మీట నొక్కింది. నొక్కాక చూసింది. స్టూలు ఊగిన ఊపుకు చేతికి చిక్కింది కేబిన్ కాదు, గుర్రం. ఇప్పుడు ఫైల్లో కేబిన్లు పన్నెండూ క్షేమంగా ఉన్నాయి. గుర్రం మాత్రం ఒక్కటే.

ఆ జాబితా అప్పటికే వడ్రంగి షెడ్డులో అచ్చయి చేతిలో పడింది.

పళ్లు బిగబట్టి ఆమె మూడోసారి, ఒక చేత్తో బల్ల పట్టుకుని, కేబిన్‌ను బయటికి లాగి దాని చోట దాన్ని పెట్టింది. గుర్రాలు పన్నెండు, కేబిన్ ఒకటి. రెండుసార్లు లెక్కపెట్టింది. మీట నొక్కింది. తెర మీద ఒక చిన్న గడి వచ్చింది: వడ్రంగి షెడ్డులో కాగితం అయిపోయింది.

ఆమె పరిగెత్తుకుంటూ పెరట్లోకి వచ్చేసరికి వడ్రంగి పదకొండో గుర్రానికి మరలు విప్పుతున్నాడు. ముఖంలో ఏ భావమూ లేదు. జాబితా గురించి మాట్లాడనని ఒట్టేసుకున్న ముఖం అది. కింద పెడితే తడి రంగు అంటుకుంటుందని, విప్పిన గుర్రాన్ని విప్పినట్టే ఒక్కో గుండాయన చేతుల్లో పెట్టాడు. పదకొండు మంది పదకొండు గుర్రాలను చంకనేసుకుని, మెడలు కౌగిలించుకుని నిలబడ్డారు. రాట్నం మీద మిగిలింది ఒక్క గుర్రం. దాని పక్కన కింద నేల మీద బావమరిది, బొమ్మలో ఉన్నట్టే రెండు చేతులూ చాచి.

సరిగ్గా అప్పుడే గేటు దగ్గర కారు ఆగింది.

పార్కుల అధికారిణి పొట్టిగా, గట్టిగా, చేతిలో గొడుగుతో ఉంది. తక్కువ మాట్లాడుతుంది. ఇంతకుముందు ఇద్దరు తయారీదారుల దగ్గర ఆమె ఒక్క మాటా అనకుండా వెనక్కి తిరిగి వెళ్లిపోయిందని అందరికీ తెలుసు. ఆమె తొమ్మిది గదులను చూసింది. గుర్రాలను మోస్తున్న గుండ్లను ఒక్కొక్కటిగా చూసింది. యజమాని నవ్వబోయి మానుకున్నాడు.

"జీను ఎత్తు చూడాలి," అంది. ఎక్కడికి వెళ్లినా గుర్రం ఎక్కి చూడడం ఆమె అలవాటు. గొడుగు యజమాని చేతికిచ్చి, ఉన్న ఒక్క గుర్రం మీద పక్కకు తిరిగి కూర్చుంది.

ఇదంతా అత్తగారికి సగమే కనబడుతోంది. కేబిన్లో కూర్చుని కూర్చుని ఆవిడకు నడుము పట్టేసింది. లేద్దామని చెయ్యి ఆనించడానికి ఏదైనా దొరుకుతుందేమోనని తడిమింది. పిడిలాంటిది ఒకటి చేతికి తగిలింది. దాన్ని పట్టుకుని బరువంతా మోపి లేచింది.

రాట్నం బయలుదేరింది.

మామూలుగా అది పన్నెండు గుర్రాల బరువుతో నిదానంగా తిరగాలి. ఒక్క గుర్రంతో అది పదిహేనేళ్లు తగ్గినట్టు పరుగు తీసింది. అధికారిణి మొదటి చుట్టులో జీను పట్టుకుంది, రెండో చుట్టులో కడ్డీ పట్టుకుంది, మూడో చుట్టులో ఏదీ పట్టుకోలేదు. పదకొండు మంది గుర్రాలతో సహా లివర్ల వైపు పరిగెత్తారు. చేతులు ఖాళీ లేక భుజాలతో తోశారు, ఒకాయన గుర్రం మూతితో లాగాడు. గంటలన్నీ మోగాయి. ఒకడు ఆపితే ఇంకొకడు నడిపించాడు. యజమాని గొడుగు తెరిచి దాని వెనక నిలబడ్డాడు.

"ఏ పెట్టెలోది లాగావు పెద్దమ్మా?" అని వడ్రంగి అరిచాడు.

"నాకేం తెలుసు నాయనా, నాకు అన్ని పెట్టెలూ ఒకేలా ఉన్నాయి," అంది అత్తగారు, ఆ పిడినే ఇంకా గట్టిగా పట్టుకుని.

నాలుగో చుట్టు ముగిసేసరికి రాట్నం బయలుదేరిన చోటే ఒక్క కుదుపుతో ఆగింది. అధికారిణి ఆగలేదు. జీను మీంచి జారి అవతలి వైపు వచ్చేసింది. అక్కడ బావమరిది ఉన్నాడు, మూడు రోజులుగా సాధన చేసిన భంగిమలో. ఆయన పట్టుకోవాలని అనుకున్నదీ లేదు, అనుకోవడానికి వ్యవధీ లేదు. చాచిన చేతుల మధ్య ఆమె వచ్చి పడింది. బట్టలు సర్దిన అలమరాలో దిండు పడ్డట్టు, మెత్తగా.

గంటలన్నీ ఆగాయి. ఒక్క గంట మాత్రం ఇంకా కొంచెం ఊగుతోంది.

అధికారిణి కిందికి దిగి, కళ్లజోడు సరిచేసుకుని, ఫైలు తెరిచి సోమవారం జాబితా చదివింది. వేలు ఒక వరుస దగ్గర ఆగింది.

"గుర్రాలు పన్నెండు. మనుషులు పన్నెండు. ఈ ఆలోచన ఎవరిది?"

పెరట్లో ఖాళీగా ఉన్న చేతులన్నీ, ఖాళీ లేనివాళ్ల గడ్డాలన్నీ డ్రాయింగమ్మ వైపు తిరిగాయి. అవునంటే అయిపోతుంది. కిటికీ పక్క కుర్చీ ఆమెకు అక్కడి నుంచే కనబడుతోంది, మీద పువ్వుల దిండుతో సహా.

"ఆలోచన కాదండీ," అంది. "చెయ్యి జారింది. కేబిన్ కట్టను కింద పెట్టబోయి గుర్రం కట్టలో పడేశాను. దాంతోపాటు బొమ్మ మనిషి కూడా పడ్డాడు. జాబితా తప్పు, నాది. వీళ్లది కాదు. ఈ పదకొండు మంది నా జాబితాను నమ్మి వచ్చారు."

"నా కళ్లజోడు కోసం ఫోను చేశానమ్మా, అప్పుడు జారింది," అని అత్తగారు కేబిన్ కిటికీ లోంచి అందుకుంది. "కళ్లజోడు సంచీలోనే ఉంది. మొన్న దొరికింది."

అధికారిణి ఇద్దరినీ చూసింది. ఆ రోజు ఆమె మాట్లాడినంత మునుపెప్పుడూ మాట్లాడలేదని డ్రైవరు తర్వాత చెప్పాడు.

"నేను ఇవాళ సంతకం పెట్టకూడదనుకునే వచ్చాను. పోయిన నెల ఇంకోచోట మా మనవరాలు గుర్రం మీంచి జారింది. నడిపేవాడు ముందు కేబిన్లో ఉన్నాడు, పిల్ల వెనక వైపు ఉంది. వాడికి కనబడలేదు. మోచెయ్యి గీరుకుపోయింది. పన్నెండు గుర్రాలకు ఒక్క మనిషేమిటని ఇద్దరిని అడిగాను. చాలునన్నారు. ఇక్కడా అదే అంటారనుకున్నా. మీకు చెయ్యి జారింది, సరే. నేనూ జారాను. తేడా ఏమిటంటే, పట్టుకోవడానికి మనిషి ఉన్నాడు."

ఆమె కలం తీసింది. కేబిన్లు పన్నెండు అన్న చోట కొట్టేసి ఒకటి వేసింది. స్టూళ్లు, లివర్లు కూడా ఒక్కొక్కటే ఉంచింది, లివరు లాగడానికి పార్కు మనిషి ఉన్నాడంది. గంటలు ఉంచింది, పిల్లలకు ఇష్టమని. ఆపరేటర్లు పన్నెండు అన్న దగ్గర కలం ఎత్తి, "నూట డెబ్బై రెండు. గుర్రం మీది పిల్ల భుజానికి చెయ్యి సరిగ్గా అందే ఎత్తు. ఇది మార్చకండి," అంది. కింద సంతకం పెట్టింది.

గుర్రాలు మోస్తున్నవాళ్లు చప్పట్లు కొట్టలేక కాళ్లతో నేల తన్నారు. ఎనిమిది నెలలు పని లేని ఆయన తన గుర్రం తలను ముద్దు పెట్టుకున్నాడు. మిగిలిన ఎనిమిది కేబిన్లూ ఏం చేయాలో ఎవరికీ తోచలేదు. అత్తగారు ఒకటి అడిగింది, ఇంట్లో డబ్బాలన్నీ పెట్టుకోవడానికి పెద్ద డబ్బా లేదని.

కారు ఎక్కుతూ అధికారిణి వెనక్కి తిరిగింది. "పన్నెండు మంది పేర్లూ రేపు పంపండి. ఆ పట్టుకున్నాయన పన్నెండో గుర్రం దగ్గరే ఉండాలి. ఆయనది మంచి చెయ్యి."

బావమరిది యజమాని దగ్గరికి పరిగెత్తాడు. "బావగారూ, చెప్పండి ఆవిడకి. నేను మేనేజర్ని."

యజమాని గొడుగు మూస్తూ బోర్డు వైపు చూపించాడు. "సంతకం పడ్డ జాబితా. దాని గురించి నన్ను మాట్లాడమంటావా?"

"అక్కయ్యకు ఏం చెప్తారు?"

"పార్కులో ఉద్యోగం వచ్చిందని చెప్తా. గాలి మంచిది. ఇంకో నూట డెబ్బై రెండు దొరికేదాకానేలే."

ఆ సాయంత్రం డాక్టరు అత్తగారి కన్ను దివ్యంగా ఉందని తేల్చాక, డ్రాయింగమ్మ తిరిగొచ్చి కిటికీ పక్క కుర్చీలోంచి పువ్వుల దిండు తీసి, దులిపి బల్ల మీద పెట్టి కూర్చుంది. కుర్చీ ఊగలేదు. ఒకసారి గిర్రున తిరిగి చూసింది. తలుపు దగ్గర బావమరిది గుండు తడుముకుంటూ నిలబడి ఉన్నాడు.

"చెల్లెమ్మా, ఒక్క చిన్న సాయం. నూట డెబ్బై రెండుకే పట్టుబడితే పన్నెండోవాడు ఈ జన్మకి దొరకడు. ఎత్తు పక్కన 'ఎంత తేడా ఉండొచ్చు' అని ఒక గడి ఉంటుందటగా? అందులో రెండు సెంటీమీటర్లు వెయ్యి చాలు. మా తోడల్లుడు నూట డెబ్బై నాలుగు."

"అలాగే అన్నయ్యగారూ, ఆ గడి ఎక్కడుందో చూస్తా," అంది డ్రాయింగమ్మ.

ఫైలు తెరిచింది. గుర్రం కట్ట తెరిచి, కొత్తగా అందులో పెట్టిన మనిషిని పట్టుకుని, ఎత్తు పక్కన గడి వెతికి, తేడా సున్నా అని వేసి ఫైలు భద్రం చేసింది. ఈసారి చెయ్యి జారలేదు.